పెద్దపిన్ను పెళ్ళి

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ చివర గోడకి చేరగిలబడ్డవాళ్ళు కూడా ఇటు రండి. అంతదూరం వినపడేలా అరిచే ఓపిక నాకు లేదు. చాప చాలకపోతే సర్దుకుని కూర్చోండి.

మొన్న తరగతిలో ఒక ప్రశ్న అడిగాను. ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి కదా, కింది రెండూ సన్నగా పొట్టిగా ఉంటే పైది ఒక్కటే లావుగా పొడుగ్గా ఎందుకుంటుంది అని. మీలో ఒకడు లేచి "అది బాగా తింటుంది సార్" అన్నాడు. వాడి పేరు చెప్పను. అందరూ వాడివైపు చూడకండి! వాడి జవాబు వినగానే నాకు గెడ్డపేట అన్నదమ్ముల కథ గుర్తొచ్చింది. అందుకే పిలిచాను.

గెడ్డపేటలో ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు పోలయ్య, చిన్నవాడు దాలయ్య. ముగ్గురిదీ వడ్రంగి పనే. ఇంట్లో ఆడదిక్కు లేదు. చేతిపని మాత్రం బంగారం. వాళ్ళు చేసిన మంచం మీద ఏనుగు పడుకున్నా కిర్రుమనదు. తెలివి సంగతంటారా? అది వాళ్ళనే అడగాలి.

"ఈ ఊళ్ళో మనకంటే తెలివైనవాళ్ళు లేరురా" అనేవాడు గవరయ్య.

"నీకెలా తెలుసన్నియ్యా?" అనేవాడు దాలయ్య.

"ఉంటే మనకి తెలీదూ?"

అంతే. ముగ్గురూ తలలూపుకునేవారు.

ఒకసారి కిరాణాకొట్టు సూరప్పడు వచ్చి "ఒరే, కొట్టు వెనక ఒక గుమ్మం పెట్టండిరా, మనిషి పడితే చాలు" అన్నాడు. ఇంకేముంది, వాళ్ళు సూరప్పణ్ణి గోడకి నిలబెట్టి చుట్టూ బొగ్గుతో గీత గీశారు. గీసినట్టే కోశారు. పైన తలకాయంత గుండ్రం, దాని కింద రెండు భుజాలు, కింద రెండు కాళ్ళకి రెండు కన్నాలు. మనిషి సరిగ్గా పట్టాడు. సూరప్పడు తప్ప ఇంకెవరూ పట్టలేదు. ఆ రోజునుంచి సూరప్పడు లావెక్కకుండా రాత్రిపూట జావ తాగుతున్నాడు. "చూశావా, మన గుమ్మం వల్ల ఆయన ఆరోగ్యం బాగుపడింది" అని వీళ్ళు మురిసిపోయారు.

పనిలో వాళ్ళకి సూత్రం ఒక్కటే. పట్టకపోతే చెక్కు, వదులైతే చీల కొట్టు.

ఇలాంటి ఇంటి పెద్దకి పిల్లనెవరిస్తారు? గవరయ్యకి నలభై దాటాయి. పదకొండు సంబంధాలు గడప దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. పన్నెండోది ఏటవతలి ఊరి పైడమ్మ. ఆవిణ్ణి గవరయ్య సంతలో ఒక్కసారి చూశాడు. నెత్తిమీద మంచం పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడి ఉంటే, "ఏవండీ, కాస్త పక్కకి జరుగుతారా" అంది. పుట్టి బుద్ధెరిగాక గవరయ్యని "ఏవండీ" అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ రోజంతా గవరయ్య పక్కకి జరిగే ఉన్నాడు. సంత అయిపోయినా కదల్లేదు.

పైడమ్మ మేనత్త గంగులమ్మ ఇడ్లీ దుకాణం నడుపుతుంది. పన్నెండేళ్ళుగా ఆ దుకాణానికి పిండి రుబ్బేది పైడమ్మే. కుడి భుజం పైకి లేవడం మానేసింది. అందుకని ఒకటే మాట కబురంపింది. "రుబ్బురోలున్న ఇంట్లో నేను కాలు పెట్టను. కరెంటు గ్రైండరు ఉండాలి. అది తిరుగుతుంటే నా కళ్ళతో చూడాలి. దాంట్లో రుబ్బిన పిండితో చేసిన గారె తినాలి. గురువారం అత్తా నేనూ వస్తాం."

గవరయ్యకి ఇదే ఆఖరి సంబంధమని ఊరంతటికీ తెలుసు. గవరయ్యకీ తెలుసు.

సోమవారం గ్రైండరు వచ్చింది. ముగ్గురూ దానికి బొట్టు పెట్టి, ప్లగ్గు చేత్తో పట్టుకుని గోడ దగ్గరికెళ్ళారు. ప్లగ్గుకి మూడు పిన్నులు. చెక్కబోర్డు మీద సాకెట్టుకి రెండే కన్నాలు.

"ఒకటి ఎక్కువొచ్చిందన్నియ్యా" అన్నాడు దాలయ్య.

"కొట్టువాడు కొసరేసుంటాడు" అన్నాడు పోలయ్య. "మంచి మనిషి. లావుగా ఉన్నదే వేశాడు."

గవరయ్య ప్లగ్గుని వెలుతురులో తిప్పి చూశాడు. ముఖం వికసించింది. "కొసరు కాదురా. సరిగ్గా చూడండి. పైన లావుగా ఉన్నది నేను. కింద ఇద్దరూ మీరు. మనిల్లని తెలిసే మూడు పెట్టాడు."

దాలయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి నీకు కన్నం లేదన్నియ్యా! మేమిద్దరం లోపలికెళ్ళిపోయి నిన్ను బయట నిలబెట్టేస్తామా?"

"ఆ పాపం మనకొద్దు" అన్నాడు పోలయ్య. బరమా తెచ్చి, సాకెట్టుకి పైన ఆ చెక్కలోనే మూడో కన్నం తొలిచాడు. కన్నం సన్నంగా పడింది. పిన్ను పట్టలేదు. పట్టకపోతే ఏం చెయ్యాలి? చెక్కాలి. అంతే, ఆకురాయి తీసి పెద్దపిన్నుని గరగరమని అరగదీశాడు. లావు తగ్గింది. ఊరుకున్నాడా? పొడుగు కూడా తగ్గించి మూడూ సమానం చేశాడు.

"ఒక తల్లి బిడ్డలు" అన్నాడు తృప్తిగా.

ప్లగ్గు చక్కగా దిగింది. గ్రైండరు గిర్రున తిరిగింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. మినప్పప్పు నురగలు కక్కుతూ తిరుగుతుంటే, ఉప్పు చూద్దామని పోలయ్య దాని ఇనపడొక్క మీద చెయ్యి ఆనించాడు. ఇంకేముంది! జివ్వుమంది. మోచేతి దాకా లాగి, విదిలించినట్టై, పోలయ్య వెళ్ళి పిండిబేసిన్లో కూర్చున్నాడు.

"ఏటైంది?"

"కరిచిందన్నియ్యా!"

"నోరు లేనిది ఎలా కరుస్తాదిరా?" అని దాలయ్య చూపుడువేలు పెట్టాడు. "ఓలమ్మో! నోరు లేకుండానే కరిచింది!"

గవరయ్య ఆలోచించాడు. "కొత్తగా వచ్చింది కదా, మనల్నింకా ఎరగదు. పేర్లు చెప్పి ముట్టుకోండి." వరసగా నిలబడి పేర్లు చెప్పి ముట్టుకున్నారు. వరసగా కేకలు పెట్టారు. ఇంటి పేరుతో సహా చెప్పి మళ్ళీ ముట్టుకున్నారు. పిల్లలూ, మీరు చెప్పకుండానూ ముట్టుకోకండి, చెప్పి కూడా ముట్టుకోకండి. వాళ్ళు బతికి బయటపడ్డది తెలివి వల్ల కాదు, ఇంకా ఆయుష్షుండి.

మంగళవారం కరెంటు పని చేసే సన్యాసిరావుని పిలిచారు. ఆయన బోర్డునీ ప్లగ్గునీ మార్చి మార్చి చూశాడు. గొప్ప పనితనం చూసి మురిసిపోతున్నాడనుకున్నారు వీళ్ళు.

"ఎవడ్రా ఈ పిన్ను అరగదీసింది?"

"నేనే" అన్నాడు పోలయ్య ఛాతీ విరుచుకుని.

సన్యాసిరావు మంచివాడు, మెల్లగా చెప్పే మనిషి. అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "ఒరే నాయనా, కింది పిన్నులు రెండూ కరెంటు మోసే కూలీలు. ఒకటి తెస్తుంది, ఒకటి తిరిగి తీసుకెళ్తుంది. పైన లావుపాటిది ఆ పని చెయ్యదు, కాపలా కాస్తుంది. అది ఇంటి పెద్ద లాంటిది. లోపల వైరు ఎక్కడైనా ఊడి డొక్కకి తగిలిందనుకో, ఆ దెబ్బ మనకి తగలనివ్వకుండా తను తీసుకుని భూమికి ఇచ్చేస్తుంది. అందుకే దాన్ని పొడుగ్గా చేశారు. లోపలికి ముందు తను వెళ్ళి కాపలా నిలబడుతుంది, కూలీలిద్దరూ బయటికొచ్చేశాకే తను వస్తుంది. లావెందుకంటారా? పొరపాటున కూడా కూలీల కన్నంలో దూరకూడదని. ఏ పిన్ను ఎక్కడ దూరాలో చూపు లేనివాడికి కూడా తెలియాలని ఆ ఆకారాలు పెట్టారు. మీరు దాన్ని చెక్కి పారేశారు!"

ముగ్గురూ సిగ్గుతో తల దించుకున్నారు. సన్యాసిరావు కొత్త ప్లగ్గు వేశాడు, మూడు కన్నాల సాకెట్టు బిగించాడు. ఆ తర్వాత గోడ వెనక్కి చూసి నిట్టూర్చాడు.

"పెద్దాయనకి భూమిలో చోటుండాలి కదా, మీ ఇంటికి అదీ లేదు. పెరట్లో గొయ్యి తియ్యాలి, ఉప్పూ బొగ్గూ వెయ్యాలి, అందులో దించాలి, అక్కణ్ణుంచి బోర్డు దాకా పచ్చవైరు లాగాలి. ఎండాకాలం కదా, రోజూ బిందెడు నీళ్ళు పొయ్యాలి. శుక్రవారం సామానుతో నేనే వస్తాను. అందాకా గ్రైండరు జోలికి పోకండి." సైకిలెక్కాడు.

"బాబూ, గోతిలో ఎవర్ని దించాలి?" అని వెనకనుంచి పోలయ్య అరిచాడు.

"ఇంతసేపూ చెప్పింది ఎవరికిరా? పెద్దాయన్నే!" అంటూ సన్యాసిరావు మలుపు తిరిగిపోయాడు.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. శుక్రవారం అన్నాడు సన్యాసిరావు. పైడమ్మ వచ్చేది గురువారం. ఆవిడ గ్రైండరు ముట్టుకుంటుంది, కరుస్తుంది, పన్నెండో సంబంధం కూడా గడప దాటిపోతుంది.

గవరయ్య పంచె ఎగ్గట్టాడు. "తియ్యండిరా గొయ్యి. నేను దిగుతాను."

"అన్నియ్యా!" అని ఇద్దరూ గొల్లుమన్నారు.

"ఏడవకండి. ఇంటికి పెద్దగా పుట్టాక తప్పుద్దా?"

గురువారం పొద్దున్నే నడుంలోతు గొయ్యి తవ్వి గవరయ్యని దించారు. ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు. మట్టి తొక్కి గట్టిచేశారు. పచ్చవైరు లేదు కానీ తలుపులకేసే పచ్చరంగు ఉంది. నులకతాడుకి ఆ రంగేసి, ఒక కొస గవరయ్య మణికట్టుకీ, ఇంకో కొస బోర్డు మేకుకీ కట్టారు. నెత్తిన బిందెడు నీళ్ళు కుమ్మరించారు.

"ఎలాగుందన్నియ్యా?"

"కాళ్ళ పగుళ్ళలోకి ఉప్పు దిగి మండుతోందిరా."

"మండుతోందా? అయితే పని చేస్తోంది!"

ఎండెక్కే వేళకి గంగులమ్మా పైడమ్మా వచ్చారు. దాలయ్య కాళ్ళకి నీళ్ళిచ్చాడు. గంగులమ్మ అటూ ఇటూ చూసి "పెళ్ళికొడుకేడి నాయనా?" అంది.

"పెరట్లో పాతాం అత్తా" అన్నాడు పోలయ్య.

గంగులమ్మ చేతిలో తమలపాకులు కింద పడ్డాయి. "ఎప్పుడు నాయనా?"

"పొద్దున్నే. ఉప్పు కూడా వేశాం."

"అయ్యో అయ్యో! ఏం జబ్బు చేసింది నాయనా?"

"జబ్బేటి? నిక్షేపంలా ఉన్నాడు. మీరొస్తన్నారనే పాతాం."

గంగులమ్మ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఆవిణ్ణి ఊరడించాలని దాలయ్య గ్రైండరు స్విచ్చి వేశాడు. "ఏడవకత్తా, ఇటు చూడు ఎంత బాగా తిరుగుతోందో!" గంగులమ్మ కళ్ళు తిరిగి, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికితే చాలని గ్రైండరు మీద చెయ్యి వేసింది. జివ్వుమంది.

"ఓలమ్మో! చచ్చినోడు చెయ్యి పట్టుకున్నాడే!"

పోలయ్య కంగారుగా పెరటివైపు తిరిగి అరిచాడు. "అన్నియ్యా! దెబ్బ అత్తకే తగిలిపోయింది! నువ్వు తీసుకోలేదేం?"

పెరట్లోంచి నేలబారున గొంతు వినిపించింది. "నేను పొద్దుట్నుంచి తయారుగానే ఉన్నానురా! నా దాకా రాలేదు! ఇంకో బిందె పొయ్యి!"

అంతే. గంగులమ్మ ఒక్క పరుగున వీధి చివర తేలింది.

పైడమ్మ మాత్రం పరిగెత్తలేదు. ముందు స్విచ్చి ఆపింది. ప్లగ్గు పీకి పక్కన పెట్టింది. అప్పుడు పెరట్లోకి నడిచింది. అక్కడ నడుందాకా భూమిలో, తలమీదనుంచి నీళ్ళు కారుతూ, పచ్చతాడు కట్టిన చేతులు జోడించి పెళ్ళికొడుకు నిలబడి ఉన్నాడు. చుట్టూ కోళ్ళు మట్టి కెలుకుతున్నాయి.

"ఏటండీ ఇది?"

"దండాలండీ. లేచి నిలబడదామంటే కుదరదండీ."

"గోతిలో ఎందుకు దిగారు?"

"మీకు దెబ్బ తగలకూడదనండీ. తగిలితే నాకు తగలాలని. అత్తగారికి తగిలేసింది. నేను పెద్దరికానికి పనికిరానండీ" అని గవరయ్య బావురుమన్నాడు.

పైడమ్మ అతని మణికట్టుకున్న పచ్చతాడు విప్పింది. పన్నెండేళ్ళలో తన భుజం నొప్పి గురించి ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఈ మనిషేమో తనకి జివ్వుమంటుందేమోనని నడుందాకా ఉప్పులో పాతుకున్నాడు. తెలివి నేర్పచ్చు, ఇది నేర్పితే వచ్చేది కాదు అనుకుంది. పార తీసుకుని, ఎడమచేత్తో మట్టి తవ్వడం మొదలుపెట్టింది.

"రేపు ఆ కరెంటాయన వచ్చి చేసే పని చెయ్యనివ్వండి. గ్రైండరు కరవకుండా తిరిగితే, ఇంటి పెద్దకి నన్నిచ్చి చెయ్యడానికి మా అత్తని నేనొప్పిస్తాను" అంది.

శుక్రవారం సన్యాసిరావు వచ్చాడు. సిద్ధంగా తవ్వి ఉన్న గొయ్యి చూసి మెచ్చుకున్నాడు. ఎందుకు తవ్వారో ఎవరూ చెప్పలేదు. ఇంకాస్త లోతు చేసి ఇనపపైపు దించాడు, ఉప్పూ బొగ్గూ వేశాడు, అసలైన పచ్చవైరు లాగాడు. డొక్కకి తగులుతున్న వైరు కూడా సరిచేశాడు. గ్రైండరు తిరిగింది. అందరూ ముట్టుకున్నారు. కరవలేదు. పైడమ్మ గారె తింది, గంగులమ్మ దూరంగా నిలబడే నాలుగు తింది. ముహూర్తం పెట్టుకున్నారు. ఆ వైపు పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే చేస్తారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? ఇది గెడ్డపేటరా.

ఆ సాయంత్రం పోలయ్య పైపు ముందు గొంతుక్కూర్చుని ఆలోచించాడు. జానెడు పైపు నేలమీదికి కనిపిస్తోంది. "దెబ్బ కాసేవాడు ఇంటి పెద్ద. అన్నియ్య దిగాడు, కాయలేకపోయాడు. ఈయన దిగాడు, కాశాడు. అయితే ఇంటి పెద్ద ఎవరు?"

దాలయ్య లేచి పైపుకి దండం పెట్టాడు. గవరయ్య కూడా పెట్టాడు. మర్నాటినుంచి మొదటి కాఫీ పైపుకే. సంతకెళ్ళాలన్నా పైపునడిగే వెళ్ళేవారు. అది వద్దని ఎప్పుడూ అనలేదు. "గొప్ప మనసు" అనుకున్నారు.

"అయితే అన్నియ్యా" అన్నాడు దాలయ్య ఒకరోజు గొంతు తగ్గించి, "పైడమ్మగారిని ఎవరికిస్తామన్నారు?"

"ఇంటి పెద్దకి" అన్నాడు గవరయ్య. అన్నాక అర్థమైంది. ముఖం పాలిపోయింది. చాలాసేపు చిత్రిక పట్టిన చెక్కనే మళ్ళీ చిత్రిక పట్టాడు. చివరికి "న్యాయం ఆయనవైపే ఉంది" అన్నాడు. పెళ్ళిపీటలు తనే చేశాడు. ఒకదానికి మధ్యలో పైపు పట్టేలా గుండ్రంగా కన్నం తొలిచాడు. కన్నం తొలుస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పెళ్ళిరోజున పంతులుగారు పెరటి పందిట్లోకొచ్చి చూస్తే, పీట మధ్యలోంచి పైపు. పైపుకి బాసికం. పైపుకి జరీపంచె.

"వరుడేడయ్యా?"

"ఎదురుగానే ఉన్నారు కదండీ" అన్నాడు పోలయ్య.

"గోత్రం?"

"ఇనుమండీ."

గంగులమ్మ నోరు తెరిచింది. "మొదట చచ్చినోడన్నారు! ఇప్పుడు పైపంటారా? పదవే పైడీ, ఏరు దాటేద్దాం!"

పైడమ్మ పందిరంతా వెతికింది. మూల రాట చాటున గవరయ్య, ముక్కు ఎర్రగా. చరచరా వెళ్ళి చేతిలో దండ అతని మెడలో వేసేసింది.

"తప్పు వదినా, తప్పు!" అని దాలయ్య అడ్డం పడ్డాడు. "ఆయన నీకు మరిది!"

ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. పైడమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. వీళ్ళకి కోపం అర్థం కాదు, చెప్పింది చెప్పినట్టే అర్థమవుతుంది. అలాగే చెప్పాలి.

"పోలయ్య మరిదీ, పెద్దపిన్నుకి తగిలింది ఎక్కడికెళ్తుంది?"

"భూమిలో పెద్దాయనకి."

"ఎలా వెళ్తుంది?"

"పచ్చవైరు మీదుగా."

"మరి మీ గవరయ్యన్నియ్య పెద్దపిన్ను. తనే చెప్పాడుట, గ్రైండరు వచ్చినరోజున. ఈయన చేతికి ఆ పచ్చతాడు కట్టి రెండో కొస పైపుకి కట్టు. ఈయన తాళి కడితే ఆయన కట్టినట్టే కదా?"

పోలయ్య ఆకాశంలోకి చూశాడు, నేలకేసి చూశాడు. "నిజమే! సన్యాసిరావుబాబు చెప్పిందీ అదే!"

సన్యాసిరావు అక్కడే ఉన్నాడు. తనేం చెప్పాడో గుర్తు తెచ్చుకుని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. దాలయ్య పచ్చతాడు తెచ్చి కట్టాడు. మేళం మోగింది. గవరయ్య మూడు ముళ్ళూ వేశాడు. పందిరంతా అక్షింతలు. గంగులమ్మ కూడా వేసింది, కొన్ని పెళ్ళికొడుకు మీద, అనుమానం తీరక కొన్ని పైపు మీద.

విస్తర్లు పడ్డాయి. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పక్కపక్కన కూర్చున్నారు. పైడమ్మ సిగ్గుపడుతూ వేడి బూరె తుంచి, నెయ్యి ముంచి, గవరయ్య చేతిలో పెట్టింది. అతను కళ్ళకద్దుకున్నాడు. వంగి, గోతి పక్కన మట్టి తీసి, బూరెని అందులో పెట్టి పూడ్చేశాడు.

"అదేటి?" అంది పైడమ్మ.

"నేను పెద్దపిన్నునని నువ్వే అన్నావు కదా. వచ్చింది వచ్చినట్టు భూమికి ఇచ్చెయ్యాలి."

పైడమ్మ పులిహోర పెట్టింది. అదీ భూమిలోకే. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, ఆవపెట్టిన పెరుగు, అన్నీ భూమిలోకే. పొద్దుట్నుంచి ఏమీ తినని కడుపు గ్రైండరులా గరగరమంటోంది. అయినా గవరయ్య ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదు. తమ్ముళ్ళిద్దరూ వెనక నిలబడి "చూశావా వదినా, మా అన్నియ్యకి ఎంత బాధ్యతో!" అని చెరొక చెంబెడు నీళ్ళు పైన పోశారు.

సరే, ఇక లేవండర్రా. ఎవరి చాప వాళ్ళు దులుపుకోండి. ఇళ్ళలో అమ్మలు అన్నాలు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, పరిగెత్తండి. పెట్టింది పెట్టినట్టు తినండి. భూమికి కాదు, నోటికి.